పాట లేని మూడు రోజులు

మార్గశిరం రెండో గురువారం తెల్లారగట్ల
మా కాసులమ్మ గొంతు పోయింది.
జ్వరం లేదు. ముక్కు కారుతోంది,
నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు.

ఫిషింగ్ హార్బర్లో ఆమెది పాట పని.
రాగం ఉండదు దానికి, రేటు ఉంటుంది.
వంజరం గంప మూడు వేలు, మూడు వేల నూరు, నూట యాభై...
జెట్టీ ఈ చివర ఆమె కేకేస్తే
ఆ చివర బోటులో పడుకున్న కుర్రాడు లేచి కూర్చుంటాడు.
నాది ఐసు పని. దిమ్మ మిషన్లో వేసి
పొడి చేసి గంపల మీద జల్లుతాను.
చల్లదనం నాది, జలుబు ఆమెది.
ఈ లెక్క ఇరవై రెండేళ్ళయినా తేలలేదు.

"ఇంట్లో కూడా పాటేనేటే నీది?" అని
నేను విసుక్కోని రోజు లేదు.
ఇప్పుడు గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది.
అది నడుస్తోందని నాకు తెలీదు.

జాలారిపేటలో జలుబు ఒకరిది, వైద్యం వీధందరిదీ.
పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చమని ఒకరు,
నుదుటికి సొంటి పట్టు వెయ్యమని ఒకరు.
ఎదురింటి మసేను తాత మాత్రం
"మాటాడించకండర్రా, అదే మందు" అని బీడీ ముట్టించుకున్నాడు.

పూర్ణా మార్కెట్‌కి పోయాను.
"ఏం కావాలి?" అన్నాడు కొట్టాయన.
"గొంతు" అన్నాను.
నవ్వలేదు ఆయన. కాగితం చింపి
మిరియాలు, సొంటి, రెండు కరక్కాయలు,
అతిమధురం పుల్ల ఒకటి పొట్లం కట్టాడు.
"వాడితే వారం, వాడకపోతే ఏడు రోజులు.
వాడితే ఆ వారం కాస్త సుఖంగా గడుస్తుంది."

చారు నేనే కాశాను, జన్మలో మొదటిసారి.
ఆమె గడప దగ్గర కూర్చుని చేత్తో చెప్పింది.
మిరియాలు? చిటికె చూపించింది.
ఐసు దిమ్మలు మోసిన నా వేళ్ళకి
చిటికె అంటే చారెడు.
ఒక్క గుక్క తాగి గుండెలు బాదుకుంది.
కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు,
చప్పుడు లేకుండా ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వు.
ఆ నవ్వుకి చప్పుడు ఉండాలని
అప్పుడు అనిపించింది నాకు.

రాత్రి తపేలాలో నీళ్ళు మరిగించి
వామాకు, నాలుగు తులసి రెబ్బలు, పసుపు.
దుప్పటి కప్పి ఆవిరి పడుతుంటే
సరిగ్గా కప్పుకుందో లేదో అని నేనూ దూరాను.
లోపల చీకటి, వెచ్చటి వాసన,
ఆమె చెంపల మీద చెమట తెలుస్తోంది.
నా అరచేతిలో తడి వేలితో ఏదో రాసింది.
అక్షరాలు రావు ఆమెకి, అంకెలు వచ్చు.
మూడు. సున్నా. సున్నా. సున్నా.
తర్వాత ప్రశ్నలాగా వేలు ఎత్తి పట్టుకుంది:
రేపు నా గంప ఎవరు పాడతారు?

పైడికొండమ్మ పాడింది.
పదేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని మనిషి.
కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని
మా ఆవిడ గంప పక్కన నిలబడి ఉంటే
దాటిపోబోయి ఆగింది.
"గొంతు పోనాదా? పోనీలే. నీ గంప నాను పాడతాను.
నా కేకకి నీ రేటు రాకపోతే అడుగు."
రెండు వందలు ఎక్కువే వచ్చింది.
దానికి మా ఆవిడకి ఆ పూటంతా సంతోషమో ఏడుపో
నాకు అర్థం కాలేదు.

నాలుగో రోజు పొద్దున్న
డాల్ఫిన్స్ నోస్ వైపు ఇంకా మంచు విడలేదు.
గ్లాసు అందిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.
గరగరమని, తుప్పు పట్టిన గొలుసు లాగినట్టు
ఆమె గొంతు బయటికి వచ్చింది.
ఏమంటుందోనని ఒంగాను.

"సారులో ఉప్పు ఎయ్యలేదు నువ్వు.
మూడు రోజులూ."